ఎండ ముక్క

ఆ రోజు నవంబరు పదకొండు. తాళ్ల ఫ్యాక్టరీ పరీక్ష గదిలో సాయంత్రం టీ వేళ. ఆమె ఉడికించిన గుడ్డు సగం కొరికింది. మిగతా సగం ఇంకా చేతిలోనే ఉంది.

"ఏమ్మా, ఈ బల్లమీద ఎండ ముక్క ఉండాలే, చూశావా?" అన్నాడు పక్క యంత్రం దగ్గరి పెద్దాయన. గదిలో అందరూ ఆయన్ని కొలబద్ద అంటారు.

"ఎండ ముక్కకి కొసన ముడి ఉంటుందిగా బాబాయ్. ముడి ఉన్నదేదీ కనబడలేదు."

"ఆ ముడి నేనే విప్పేశానమ్మా. యంత్రం దవడలో పట్టలేదు. నిన్న ఇంతలో ఫోనొస్తే అక్కడే పడేసి వెళ్లా."

ఆమె చేతిలోని సగం గుడ్డు బల్లమీద పెట్టేసింది.

కాగితం చీటీ అంటిస్తే ఎండకి అక్షరాలు వెలిసిపోతాయని, వేసవంతా డాబామీద ఎండబెట్టిన తాడుకి కొసన ముడి వేయడం ఆ గదిలో అలవాటు. నిన్న బల్లమీదున్నది ఒక్కటే తాడు. ముడి లేదు కాబట్టి మంచిదే, మిగిలిపోయిన ముక్కే అనుకుంది. మేనేజరుని అడిగి మరీ ఇంటికి తీసుకెళ్లింది. పాప ఉయ్యాలకి.

"బాబాయ్, అది ఇప్పుడు ఎంత బరువు మోస్తుంది?"

"ఏమో, అది తేల్చడానికేగా పరీక్ష. దానికి జోడీగా ఎండినది పొద్దున పుటుక్కున తెగింది. పైకి మాత్రం పెళ్లికొడుకులా నిగనిగలాడుతూనే ఉందనుకో. ఏమ్మా, ఎక్కడికి?"

ఆమె అప్పటికే గుమ్మం దాటింది.

బస్సులో ఫోను మీద ఫోను చేసింది. మోగుతోంది గానీ ఎత్తేవాళ్లు లేరు. మనవరాలు నిద్రపోతే అత్తగారు ఫోను తీసుకెళ్లి పరుపుల మధ్య దోపేస్తుంది. భర్తేమో పనిమీద ఊళ్లో లేడు.

నిన్నటి మాటలు ఒక్కొక్కటే వచ్చి గుచ్చుకుంటున్నాయి.

"ఆ నూలు తాడు మీ అబ్బాయి పుట్టినప్పటిది అత్తయ్యా, ఇంక పారేయండి. ఇది ద్రవ స్ఫటిక పాలిమర్."

"స్ఫటికమా? పగలదూ?"

"పగలదు. మామూలు ప్లాస్టిక్కు కరిగిస్తే లోపలి పోగులు చిక్కుపడిన జుట్టులా ఉంటాయి. ఇది అలా కాదు. కరిగినా ఏట్లో కొట్టుకొచ్చే దుంగల్లా అన్నీ ఒకే వైపు తిరిగి బారులు తీరతాయి. ఆ బారు చెదరకుండా దారం తీస్తారు. అందుకే ఉక్కుతీగని మించిన బలం. సాగదు, నీళ్లు పీల్చదు."

"మరి గొట్టంలా బోలుగా అల్లారేంటే?"

"సముద్రంలోకి పరికరాలు దించడానికి. లోపలినుంచి కరెంటు తీగ పోవాలి కదా. ఏనుగుని ఊపినా తెగదు అత్తయ్యా."

"మనింట్లో ఏనుగు లేదుగా అమ్మాయీ," అని నవ్వి, తాడు తీసుకుని లోపలికి వెళ్లిందా పెద్దావిడ.

ఈ దారానికి ఎండ పడదన్న ఒక్క ముక్క మాత్రం ఆమె చెప్పలేదు. గదిలోకి ఎండెక్కడ వస్తుందిలే అనుకుంది.

ఆమె మొహం చూసి కాబోలు, డ్రైవరు స్టాపు కాని చోట, సరిగ్గా వీధి మలుపులో బస్సు ఆపాడు. దిగి పరుగెత్తింది.

ఇంట్లో చిన్న దీపం వెలుగుతోంది. కొక్కేనికి లేత బంగారు రంగు తాడు. దాని కింద ఉయ్యాల మెల్లగా ఊగుతోంది.

"ష్..." అంది అత్తగారు.

ఆమె ఆగలేదు. ఒక్క ఉదుటున పాపని ఎత్తి గుండెకి హత్తుకుంది. పాప కెవ్వుమంది.

"అయ్యో అయ్యో! గొంతు పోయేలా పాడితే ఇప్పుడే పడుకుందే! ఏమైంది నీకు?"

"అత్తయ్యా, నేను తెచ్చిన తాడు మంచిది కాదు."

"నిన్న ఏనుగన్నావు?"

"ఎండలో చచ్చిన తాడది. చూసుకోకుండా తెచ్చాను. తప్పు నాదే."

"పొద్దుట్నుంచీ ఊపుతూనే ఉన్నాను. చెక్కుచెదరలేదు. నువ్వు ఊరికే కంగారు పడుతున్నావు."

"ఇప్పటిదాకా తెగలేదంతే. పాపని పట్టుకోండి, మీరే చూద్దురుగాని."

పాపని అత్తగారి చేతుల్లో పెట్టి, తాడుని రెండు చేతులా పైకంటా పట్టుకుంది. కళ్లు గట్టిగా మూసుకుని కాళ్లు నేలమీంచి ఎత్తేసింది.

ఫట్.

తల పక్కనే తెగిన పోగులు చెంపకి తగిలాయి. నేలమీద పడడానికి ఒళ్లు బిగబట్టింది. పడలేదు. కళ్లు తెరిచింది. పాదాలు ఇంకా గాల్లోనే ఉన్నాయి.

"దిగవే తల్లీ, దిగు. ఊగడానికి నీకేం వయసని?" అంది అత్తగారు. ఆమె దిగి నిలదొక్కుకునే లోపే పాపని మళ్లీ ఆ ఉయ్యాల్లోనే పడుకోబెట్టి జోకొట్టడం మొదలుపెట్టింది.

"అత్తయ్యా!"

"అరవకు. లేస్తే ఈసారి పాడే ఓపిక నాకు లేదు."

పాప గుప్పిట మెల్లగా విచ్చుకుంది. కోడలి చెయ్యి పట్టుకుని, అత్తగారు గది బయటికి తీసుకొచ్చింది. చప్పుడు కాకుండా తలుపు దగ్గరికి వేస్తూ, ఎటో చూస్తూ, తప్పు చేసినదానిలా అంది:

"పాత తాడు పారేయబుద్ధి కాలేదే. వద్దంటే నువ్వు చిన్నబుచ్చుకుంటావు. అందుకని నీ తాడుని దానికి చొక్కాలా తొడిగాను."