విమానం బొమ్మ

"డాక్టరూ, పేషెంటు బతుకుతాడా?" బల్లకు అటువైపు నిలబడ్డ బస్సు డ్రైవరు అడిగాడు.

ఫోన్ల మెకానిక్ నవ్వలేదు. విప్పిన ఫోన్ పక్కన పెట్టి, తన ఫోన్ అందుకుని భార్య నంబరు నొక్కాడు. చాలాసేపు మోగి ఆగిపోయింది. ఇది మూడోసారి.

ఆ వీధిలో అతన్ని అందరూ సిగ్నల్ డాక్టర్ అంటారు. టవర్ అందని ఫోనూ, వైఫై పట్టని ఫోనూ ఏది తెచ్చినా సెట్టింగుల్లోకి దూరి దారిలో పెట్టేస్తాడు. ఇవాళ మాత్రం విప్పిన ఫోన్ విప్పినట్టే పడి ఉంది.

"ఏంటి, ఇంట్లో ఎత్తట్లేదా?" అన్నాడు డ్రైవరు.

"పన్ను నొప్పని డాక్టరు దగ్గరికెళ్ళింది. అరగంటలో వచ్చేస్తానంది. గంట దాటింది."

"నోరంతా తెరిచి కూచున్నప్పుడు ఫోనెలా ఎత్తుతుందయ్యా!"

నిజమే. పావుగంట క్రితం మ్యాప్‌లో చూసినప్పుడు కూడా ఆమె ఫోన్‌ని చూపించే చుక్క పళ్ళ డాక్టరు మేడ మీదే ఉంది. అయినా అతని మనసు ఒక చోట కుదురుగా ఉండటం లేదు. అసలే ఆమె మెతక మనిషి. ఎవరేం చెప్పినా నమ్మేస్తుంది. అందుకే ఆమె ఫోన్ సంగతంతా అతనే చూసుకుంటాడు. ఎక్కడుందో తెలిసేలా, ఊరి పొలిమేర దాటితే తన ఫోన్‌లో గంట మోగేలా పెట్టాడు. పుట్టింటి నుంచి ఫోన్ వచ్చిన రోజున అన్నం ముట్టదని నంబరు కూడా మార్పించాడు. ఆరేళ్ళ కాపురంలో ఆమె ఒక్కసారి కూడా ఎదురు చెప్పలేదు.

మళ్ళీ మ్యాప్ తెరవబోతుంటే షాపు ఫోన్ మోగింది. గోడకు బిగించిన పాత తీగ ఫోన్. భార్యేమోనని ఒక్క అంగలో వెళ్ళి రిసీవర్ ఎత్తాడు.

"సిగ్నల్ డాక్టరుగారేనా?" ఎవరో ఆడమనిషి. వెనక ఒకటే గోల. "రైల్లోంచి మాట్లాడుతున్నానండీ. టికెట్లన్నీ మా చెల్లెలి ఫోన్‌లో ఉన్నాయి. చార్జింగ్ చూస్తే పది శాతం. దిగేసరికి సాయంత్రమవుతుంది."

"ఆఫ్ చేసేసి, టికెట్లు అడిగినప్పుడు ఆన్ చేసుకోండమ్మా."

"ఆఫ్ చేయబోతే ఏదో పాస్‌వర్డ్ అడుగుతోంది. దానికి తెలీదట."

"దొంగలెత్తుకుపోతే ఆఫ్ చేయలేకుండా పెడతారు. చాలామందికి నేనే పెట్టిచ్చాను. ఒకసారి షాపుకి తెస్తే..."

"రైలు ఇప్పుడే కదిలిందండీ. ఫోన్ల విషయంలో మిమ్మల్ని మించినవాళ్ళు లేరని మా చెల్లెలు ఒకటే చెప్తోంది."

అతను కాస్త మెత్తబడ్డాడు.

"సరే. ముందు టికెట్ తెరిచి స్క్రీన్‌షాట్ తీసుకోండి. నెట్ లేకపోయినా కనిపిస్తుంది. తీశారా? ఇప్పుడు వినండి. రైల్లో బ్యాటరీని ఎక్కువగా తినేది లోపలుండే రేడియో. దారిలో ఉన్న ప్రతి టవర్‌కీ నేనిక్కడున్నా, నేనిక్కడున్నా అని కేకలేస్తూ ఉంటుంది. ముందు దాని నోరు మూయించాలి. తెర పైనుంచి కిందికి లాగితే విమానం బొమ్మ కనిపిస్తుంది. నొక్కండి."

"అన్నీ ఒకేలా ఉన్నాయండీ. మీ ఫోన్‌లో నొక్కి చూసి, ఏ వరసలో ఉందో చెప్తారా?"

అతను విసుక్కుంటూ తన ఫోన్‌లో నొక్కాడు. పైన చిన్న విమానం వెలిగింది. "రెండో వరస, చివర్న."

"ఆ, వచ్చింది. అయిపోయినట్టేనా?"

ఇంకొకరైతే అక్కడితో పెట్టేసేవారు. అతనికి సగం పని చేయడం చేతకాదు. "అప్పుడేనా! విమానం పెట్టినా వైఫై, బ్లూటూత్ ఒక్కోసారి మెలకువగానే ఉంటాయి. ఆ రెండూ ఆపండి. తర్వాత సెట్టింగుల్లో లొకేషన్ తెరిస్తే అడుగున స్కానింగ్ అని ఉంటుంది. అది మహా దొంగ. వైఫై ఆపేసినా చాటుగా వెతుకుతూనే ఉంటుంది. దాన్ని కూడా ఆపి, లొకేషన్ మీట తిప్పేయండి."

ఆమె ఒక్కో మాటా పక్కనున్న మనిషికి అప్పజెప్తోంది. అతను రిసీవర్ భుజానికి నొక్కుకుని, తీగ సాగినంత మేర గుమ్మం వైపు జరిగి వీధి చివరిదాకా చూశాడు. దూరంగా ఒక ఆకుపచ్చ చీర కనిపించింది. ప్రాణం లేచొచ్చింది. దగ్గరికొచ్చాక చూస్తే వేరే ఎవరో.

"నా బస్సుకి టైమవుతోంది. ఫోన్లో కూడా వైద్యమేనా డాక్టరూ?" డ్రైవరు గొణిగాడు.

అతను రిసీవర్‌కి చెయ్యి అడ్డం పెట్టాడు. "పాపం, ఆడవాళ్ళు. దూరప్రయాణం. ఆ మాత్రం సాయం చెయ్యకపోతే ఎలా?"

"అన్నీ ఆపేశాం," అంది ఆమె. "ఇక ఇందులోంచి ఏదీ బయటికి పోదు కదా?"

"చీమంత కూడా పోదు. ఇప్పుడది ఫోన్ కాదమ్మా, రాయి."

"మళ్ళీ దానంతటదే ఆన్ అయిపోదుగా?"

"మీ చేత్తో మీరు నొక్కితే తప్ప ఎవడూ ఏమీ చెయ్యలేడు."

అటువైపు ఆమె గట్టిగా ఊపిరి వదిలింది. పక్కన ఎవరో నవ్వుతున్నారో, ఏడుస్తున్నారో, చక్రాల చప్పుడులో తెలియలేదు.

"ఇంకేమైనా ఉంటే త్వరగా అడగండమ్మా," అన్నాడతను, కళ్ళు వీధి మీదే ఉంచి. "మా ఆవిడకి ఫోన్ చెయ్యాలి."

"అక్కర్లేదులెండి, మరిదిగారూ."