పొట్లంలో ఏముంది

"ఖూనీ చేసింది నేను కాదని జర మా అత్తమ్మకు చెప్పుండ్రి సార్," అని చేతులు జోడించాడు కుమారస్వామి.

భద్రాచలం దర్శనానికి వచ్చిన సారంగపాణిని బతిమాలి మణుగూరు కాలనీలోని తన ఇంటికి పట్టుకొచ్చాడతను. ఎప్పుడో టీవీలో వచ్చిన సీరియల్లో సారంగపాణి డిటెక్టివు, కుమారస్వామి వంటవాడు. కథలో వంటవాడిచ్చిన చాయ్ తాగి దొర చచ్చిపోయాడు. చంపిందెవరో తేలకముందే, ఆరో వారానికే సీరియల్ ఆగిపోయింది. అప్పటి నుంచి అత్త జంపక్క అల్లుడి చేతి మంచినీళ్లు కూడా ముట్టదు.

"అది యాక్టింగ్ అత్తమ్మా."

"అవ్, యాక్టింగే. ఎవలు చంపిండ్రో చెప్పకుంటనే ఆపిండ్రు గదా అల్లుడా. చెప్పినంక తాగుతా."

కుమారస్వామి ఆశగా చాయ్ కలిపి తెచ్చి ఇద్దరి ముందూ పెట్టాడు. సారంగపాణి లేని టోపీ సర్దుకుని గొంతు సవరించుకున్నాడు.

"చివరి సీను ఏమిటో డైరెక్టరు నాకూ చెప్పలేదమ్మా. నేను మాత్రం మొదటి నుంచీ ఇతన్నే అనుమానించాను," అంటూ తన గ్లాసును మెల్లగా అవతలికి జరిపాడు.

"నేన్ జెప్పలే?" అంది జంపక్క.

కుమారస్వామికి ఒళ్లు మండింది. "చూడుండ్రి, నేనే తాగుతా," అని ఆ గ్లాసే అందుకుని పెదవుల దాకా తెచ్చాడు.

అక్కడే ఆగిపోయాడు. ఆనాడు షూటింగులో డైరెక్టరు ఇచ్చిన పొట్లం విప్పి దొర చాయ్‌లో కలిపింది తనే. అందులో ఏముందో అడగనే లేదు.