కోట కింద సుచరిత

"ఇందులో ఇంట్లోవాళ్లంతా ఉండారు. నేను యాడుండాను?"

శ్రీవాసవి అడిగేసరికి రాఘవేంద్రప్రసాద్ కీబోర్డు మీది చేతులు తియ్యకుండానే తల తిప్పాడు. ఆత్మకూరు బజారులో వాళ్ల బట్టల కొట్టుకు ఆ రోజు సెలవు. కొట్టు లెక్కల కోసమని కర్నూలులో కొన్న పాత కంప్యూటరు మీద లెక్కలు తప్ప అన్నీ నడుస్తున్నాయి. దాంతోపాటు వచ్చిన ఫ్లాపీల్లో పాతకాలం ఆట ఒకటుంది. కోట కింద చీకటి గుహలు, వాటి నిండా రాక్షసులు, అట్టడుగున ఒక మాంత్రికుడు. వాణ్ణి చంపడానికి ఆరుగురు వీరులు ఒకరి వెనక ఒకరు దిగాలి. ఆ వీరులకు పేర్లు ఆడేవాళ్లే పెట్టుకోవచ్చు. ఈ మహానుభావుడు నాన్న పేరు, అమ్మ పేరు, అక్క పేరు, తమ్ముడి పేరు, తన పేరు పెట్టుకున్నాడు. కట్టుకున్న భార్య మాత్రం గుర్తుకు రాలేదు.

"ఆటే గదా, దానికేమి?" అన్నాడు.

"ఆటే. ఆటలో గూడా నాకు జాగా లేకపోతే ఎట్లండీ?"

ఇంత చిన్నదానికి ఏడుపొస్తోందేమిటని ఆమెకే సిగ్గేసింది.

"సరేలే. ఒక జాగా ఖాళీగానే ఉండాది. అందరి వెనక, అమ్మ తర్వాత పెడతా, రాక్షసులు నీ దాకా రారు" అంటూ అతను ఇంగ్లీషులో శ్రీవాసవి అని కొట్టడం మొదలుపెట్టాడు.

"ఆ పేరొద్దు. సుచరిత అని కొట్టండి."

అతని వేళ్లు ఆగాయి. సుచరిత ఆమెకు పుట్టింట్లో పెట్టిన పేరు. జాతకాలు కుదరలేదు, పేరు మారిస్తే కుదురుతాయని పురోహితుడు చెబితే, పెళ్లికి ముందే ఆమెను శ్రీవాసవిని చేశారు. శుభలేఖలో అదే పడింది. ఇప్పుడు కోడుమూరు నుంచి ఫోన్ చేస్తే కన్నతల్లి కూడా ఆ పేరుతోనే పిలుస్తోంది.

"అమ్మకు తెలిస్తే ఊరుకుంటాదా?" అన్నాడు గొంతు తగ్గించి.

"అత్తమ్మకు ఇంగ్లీషు యాడొచ్చు? ఏదో ఒకచోట ఆ పేరును బతకనీండి. నాకు శానా ఆశగా ఉండాది."

అతను గడ్డం గోక్కుంటూ కాసేపు ఆలోచించాడు. ఉన్నట్టుండి ముఖం వెలిగింది. "ఆ పేరే పెడతా. నాకూ అదే మేలు" అన్నాడు.

తెర మీద పచ్చటి అక్షరాల్లో సుచరిత వచ్చింది. శ్రీవాసవి దాన్ని వేలితో తడిమి చూసుకుంది. మొగుడి మీద ఎక్కడలేని ప్రేమ పొంగుకొచ్చింది. ఉగ్గాని, బజ్జీలు చేసి తెస్తానని వంటింట్లోకి పరుగెత్తింది.

"ఏమే, అంత సంబరంగా ఉండావు?" అని అడిగింది అత్త రాజ్యలక్ష్మమ్మ.

"ఏం లేదత్తమ్మా" అని మిరపకాయలు చీల్చుకుంటూ తనలో తానే నవ్వుకుంది.

ప్లేటు పట్టుకుని వచ్చేసరికి వీరులు గుహలో నడుస్తున్నారు. అందరికంటే ముందు సుచరిత.

"నన్నే ముందర పెట్టినారా?" అంది మురిసిపోతూ.

అతను ఊ కొట్టేలోపల గొడ్డలి పట్టుకున్న రాక్షసుడొకడు ఎదురొచ్చి ఒక్క వేటు వేశాడు. సుచరిత పడిపోయింది. ఆ పేరు పక్కన సమాధి బొమ్మ వచ్చింది. అతను బజ్జీ కొరుక్కుంటూ, అదే పేరుతో ఇంకో వీరురాలిని తయారు చేసి మళ్లీ ముందర నిలబెట్టాడు. అదీ చచ్చింది. మళ్లీ సుచరిత అని కొట్టబోయాడు.

శ్రీవాసవి అతని చెయ్యి పట్టుకుంది. కళ్లలో నీళ్లు తిరిగాయి.

"ముందర నడిచేవాళ్లే గదండీ మొదలు చచ్చేది. మీ అందరినీ ఇడిసిపెట్టి నన్నెందుకు పెట్టినారు?"

అతను నిజంగానే నొచ్చుకున్నాడు. ఆమె చెయ్యి నిమురుతూ అన్నాడు:

"నిన్నయితే పెడతానా, పిచ్చిదానా? ఇంట్లోవాళ్ల పేరు చస్తే ఇంటికి కీడని, ముందర ఎవురిని నిలబెట్టాల్నో తెలీక ఆట అక్కడ్నే ఆగిపోయింది. సుచరితంటే మనింట్లో ఎవురూ లేరు గదా."