అమ్మాయి ముందు మంచినీళ్లు

ఎవరినైనా ఉద్యోగంలోంచి తీసేశామని చెప్పేముందు వాళ్లకు మంచినీళ్ల గ్లాసు అందిస్తాను. హెచ్.ఆర్.లో నాకు ఇరవై ఏళ్ల అలవాటు.

ఆ సాయంత్రం ఇంట్లోనూ, అలవాటుకొద్దీ, అమ్మాయి ముందు గ్లాసు పెట్టాను.

అది హోంవర్కు ఆపి గ్లాసుకేసి చూసింది.

"ఈసారి ఏ దేశమమ్మా?"

నా బదిలీలతో మూడుసార్లు దాని బడి మారింది. మూడుసార్లూ ఇలాగే చెప్పానన్నమాట.

"ఏ దేశమూ కాదు తల్లీ. ప్రమోషన్ వద్దన్నాను. ఇక్కడే ఉంటాం."

"మీ బాసు బతిమాలితే?"

"కాళ్లు పట్టుకున్నా సరే."

"ఒట్టు?"

"దేవుడి మీద ఒట్టు."

అది కాసేపు పెన్సిలు కొరికింది.

"మా క్లాసులో ఒకమ్మాయి ఏడాదినుంచీ నాతో స్నేహం చేస్తానంటోంది. రేపు సరేనని చెప్పనా?"