మడతలో పడ్డ పేరు

“మళ్ళీ లెక్కపెట్టండి, బాబాయ్.”

“మూడుసార్లు పెట్టానమ్మా. గోడ మీద రెండొందల పదకొండే,” అన్నాడు రాళ్ళు చెక్కే పెద్దాయన. “మీరిచ్చిన జాబితాలో రెండొందల పన్నెండు. ఒక పేరు కాగితం మడతలో పడి నా కంటికి ఆనలేదు.”

పార్కులో ఆ యుద్ధ స్మారకాన్ని డిజైన్ చేసిన అమ్మాయికి పై ప్రాణాలు పైనే పోయాయి. తెల్లారితే ప్రారంభం. పోనీ చివర్లో ఇరికిద్దామా అంటే ఆ దారి తనే మూసేసుకుంది. పేర్లు అక్షరక్రమంలో వద్దు, నేలకొరిగిన వరుసలోనే ఉండాలని పట్టుబట్టింది తనే మరి. తమవాళ్ళను వెతుక్కునేవాళ్ళు మిగతా అందరి పేర్లూ చదువుతూ, చెట్ల కింద నెమ్మదిగా నడవాలని ఆమె ఆశ. గోడ కూడా అందుకే మోకాలెత్తున కట్టించింది, గడ్డిలో కూర్చుని తడుముకునేలా. ఇప్పుడు మధ్యలో ఒక పేరు చేర్చాలంటే పలకకు పలకే మార్చాలి. దానికి నెల పడుతుంది.

“ఎవరు చూడొచ్చారులే అమ్మా,” అన్నాడు పెద్దాయన.

“కన్నవాళ్ళు చూడరా?”

ఆ మాట నోట్లో ఉండగానే, ఫోటో ఒకటి పట్టుకుని ఒక ముసలావిడ కాలిబాట వెంట వచ్చింది.

“రేపు జనంలో నావల్ల కాదు తల్లీ. మా అబ్బాయి పేరు ఉందేమో చూసుకుని పోతాను. వాడి మొహం చూసి ఆరేళ్ళయింది, ఏ కబురూ లేదు.”

ఫోటో వెనక రాసున్న పేరు చూడగానే డిజైనర్‌కు ముచ్చెమటలు పట్టాయి. మడతలో పడ్డది ఆ పేరే.

ముసలావిడ మొదటి పలక దగ్గర చతికిలబడింది. ఒక్కో పేరు మీదా వేలు పెట్టి, పెదవులు కదుపుతూ చదువుతోంది. ఒక్కటీ వదలడం లేదు. ఇలా చదివే మనిషి కోసమే ఆ గోడ కట్టింది. తీరా ఆ మనిషి వచ్చాక ఎక్కడికైనా పారిపోవాలనిపిస్తోంది.

“వెళ్ళి చెప్పెయ్యనా, బాబాయ్?”

“ఏమని చెప్తారమ్మా? మీ కొడుకుని మర్చిపోయామనా?”

తిట్టినా కొట్టినా పడొచ్చు. నోరు మెదపకుండా ఏడిస్తే ఏం చెయ్యాలి? డిజైనర్‌కు అదే భయం.

పదో పలక అయింది. పదకొండోదీ అయింది. ఆఖరి పేరు మీద వేలు ఆగిపోయింది. ముసలావిడ తలెత్తలేదు.

డిజైనర్ కాళ్ళీడ్చుకుంటూ వెళ్ళి పక్కన కూర్చుంది.

“అమ్మా, మీకొక మాట చెప్పాలి...”

“లేదు కదూ?” ముసలావిడ ఆమె రెండు చేతులూ పట్టేసుకుంది. “నా చూపు సరిగ్గా ఆనదు. నువ్వే చెప్పు తల్లీ, మావాడి పేరు లేదు కదూ?”

“లేదమ్మా.”

ముసలావిడ ఫోటోను గుండెలకు హత్తుకుని, వచ్చినప్పటినుంచీ మొదటిసారి నవ్వింది.

“అయితే బతికే ఉన్నాడు.”