ఈల వైద్యం

“పీల్చడం కాదు పెద్దాయనా, వదలడం ముఖ్యం. చెడుగాలి లోపలే నిలిచిపోతే మంచిగాలికి చోటుండదు. పెదాలు సున్నాలా పెట్టి రోజూ పొద్దున నిదానంగా ఊదు,” అన్నాడు గిద్దలూరు డాక్టరు.

కాటమరాజుకు అట్లా ఊదడమంటే తెలిసింది ఒక్కటే, గొర్రెలను పిలిచే ఈల.

మర్నాడు అరుగు మీద కూర్చుని పొడుగ్గా ఊదాడు. ఆయాసం జబ్బు పట్టుకున్నాక కాయలేక పక్కింటికి అమ్మేసిన గొర్రెలన్నీ బిలబిలమంటూ వచ్చి అతని వాకిట్లో నిలబడ్డాయి.

“డాక్టరు ఊదమన్నాడా, మంద కాయమన్నాడా?” అంది భార్య నాగమల్లేశ్వరి.

“నేనేం జేసేది? అవన్నా నా మాట ఇంటాయి. ఈ ఇంట్లో ఇంకెవరు ఇంటారు?”

రోజూ ఇదే తంతు. రోజూ ఆమె గొణుక్కుంటూ గొర్రెలను తోలేసి వచ్చేది.

నెల తర్వాత డాక్టరు పరీక్ష చేసి మెచ్చుకున్నాడు. “చెడుగాలి తగ్గింది. చాలామంది రెండు రోజులు ఊది విసుగొచ్చి మానేస్తారు. నువ్వు మానలేదే.”

“నాకు యాడ విసుగు సార్, గొర్రెలొస్తాయి గదా,” అన్నాడు కాటమరాజు.

మర్నాడు కాస్త ముందే మెలకువ వచ్చింది. లేచి చూస్తే, నాగమల్లేశ్వరి పక్కింటి గొర్రెల దొడ్డి తడికకు కట్టిన తాడు విప్పుతోంది.

కాటమరాజు చూడనట్టే వచ్చి అరుగు మీద కూర్చుని, పెదాలు సున్నాలా పెట్టాడు.