మొదటి సంతకం

పిటిషన్ మొదటి పేజీలో మొదటి సంతకాన్ని ఎవరో నల్ల మార్కర్‌తో కొట్టేశారు.

పద్మజ ఆ కాగితాన్ని గరాజ్ తలుపు వైపు తిప్పి చూసింది. పేరు, అడ్రస్, ఏదీ కనబడటం లేదు. అయినా అది ఎవరి సంతకమో అందరికీ తెలుసు. తమకు జిల్లా లాంటి కొత్త కౌంటీ కావాలని రెండేళ్లుగా అమెరికాలోని బాతెల్ శివార్లలో ఇల్లిల్లూ తిరిగిన శేషగిరిది.

"అంకుల్, ఒకటి తగ్గింది," అంది శేషగిరితో.

కొత్త కౌంటీ అడగాలంటే ఆ ప్రాంతపు ఓటర్లలో సగం మందికి మించి సంతకం చేయాలి. నిన్నటి లెక్కలో సగానికి పైన ఉన్నది ఒక్కటంటే ఒక్కటే. ఐదింటికి గడువు. ఇప్పుడు నాలుగుంపావు. కౌంటీ ఆఫీసుకు నలభై నిమిషాలు. పోయిన చలికాలం పద్మజ ఇంట్లో దొంగలు పడ్డప్పుడు షెరిఫ్ పోలీసు కారు కూడా అక్కడి నుంచే రావలసి వచ్చింది.

"శ్యామ్‌సుందర్ గారి పనే," అన్నాడు తేజేశ్వర్, బాక్సులు కార్‌లో పెడుతూ. "మొదట్నుంచీ కౌంటీ వద్దన్నది ఆయనేగా. నిన్న టీకి వచ్చి ఈ టేబుల్ దగ్గరే కూర్చున్నారు."

"టీ తాగి పోయాడయ్యా. ఆయన్ననకు," అన్నాడు శేషగిరి.

"పోనీ, ఆ ఒక్కటీ నేను పెట్టనా?" అన్నాడు తేజేశ్వర్.

"హెచ్‌వన్‌బి వీసా వాడివి నువ్వు. ఓటు లేనివాడు ఈ పెన్ను ముట్టుకోకూడదని ఎన్నిసార్లు చెప్పాలి?" అన్నాడు శేషగిరి.

పద్మజ నవ్వింది. "దీనికింత గొడవెందుకు? అంకుల్ మళ్లీ పెడితే సరి. ఆ పేజీ ఒక్కటే ఓటర్ల లిస్టుతో టాలీ చేయాల్సి ఉందని నిన్న చెప్పాగా, దార్లో చేసేస్తా."

కొత్త షీట్ తీసి, పెన్ను మూత విప్పి ఆయన చేతికిచ్చింది. శేషగిరి పెన్నుకు మూత పెట్టేశాడు.

"ఏంటంకుల్, టైమవుతోంది. మీ సిటిజెన్‌షిప్ పార్టీలో కేక్ కోయడానికి కూడా ఇంత ఆలోచించలేదు మీరు."

శేషగిరి చొక్కా జేబులోంచి నల్ల మార్కర్ తీసి టేబుల్ మీద పెట్టాడు.

"కొట్టేసింది నేనేనమ్మా. పార్టీకి హాల్ బుక్ చేశాను, రెండొందల మందిని పిలిచాను గానీ, సిటిజెన్‌షిప్ ప్రమాణం రోజు ఇండియా పాస్‌పోర్ట్ వదలబుద్ధి కాక గేటు దగ్గర్నుంచే వెనక్కొచ్చేశాను. తేజేశ్వర్‌కి లాగే నాకూ ఓటు లేదు."